గాజుల సీజన్ వెనక అడవి సీజన్: లాడ్ బజార్ లక్క చరిత్ర

పోస్ట్ కొంచెం పెద్దదే. ఓపిక ఉన్నోళ్లు ఇప్పుడే చదవండి, లేనోళ్లు బస్సులో చదువుకోండి.

మొన్న రంజాన్ ఆఖరి వారంలో మనోళ్లు ఓ పది మంది చార్మినార్ పోయి అర్ధరాత్రి దాటినాక హాస్టల్‌కి వచ్చిన్రు. చేతుల్లో గాజుల డబ్బాలు, నోట్లో హలీం ముచ్చట్లు. ఒక చెల్లె డబ్బా తెరిచి, రాళ్లు పొదిగిన మెరూన్ గాజులు చూపించింది. అంగడాయన మొదట చెప్పిన ధర ఎంత, తను ఎంతకు దించింది, అదంతా పెద్ద యుద్ధం గెలిచినట్టు చెప్పింది. "అస్లీ లాక్ అంట అన్నా, ఓల్డ్ సిటీ స్పెషల్" అన్నది. నేను "ఓల్డ్ సిటీది కాదు చెల్లే, అది అడవిది. మనసుంటోళ్లు చెట్ల మీద నుంచి తీసిందే" అన్న. అందరు నవ్విన్రు. "అన్నకు ఏది చూసినా అడవే కనిపిస్తది" అని ఒకడు పంచ్ వేసిండు. నేను కూడా నవ్విన. కానీ ఆ మాట నిజం. అందుకే ఈ పోస్ట్.

ముందు బజార్ సంగతి చూద్దాం. చార్మినార్‌ను 1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా కట్టించిండు. దాని నుంచి పడమర వైపు పోయే వీధే లాడ్ బజార్, జనం నోట్లో చుడీ బజార్. ఆ పేరు మీద రెండు మాటలున్నయ్. గాజులకు వాడే లక్క నుంచి, అంటే లాక్ నుంచి, లాడ్ వచ్చిందని కొందరంటరు. ఉర్దూలో లాడ్ అంటే ముద్దు, గారాబం. కాబట్టి సుల్తాన్ తన ముద్దుల బిడ్డ హయాత్ బక్షీ బేగం పెళ్లి కోసం పెట్టించిన బజారని ఇంకొందరంటరు. రెండోది వినడానికి బాగుంటది, కథలకు పనికొస్తది. కానీ రెండిట్లో ఏది నిజమైనా, ఆ వీధి బతికేది పెళ్లి మీద, పండుగ మీద. అంటే సీజన్ మీద.

ఓల్డ్ సిటీ సీజన్ లెక్క మామూలు క్యాలెండర్‌తో నడవదు. ఇస్లామిక్ సంవత్సరం చంద్రమానం, 354 లేదా 355 రోజులు. అందుకని రంజాన్ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతది. 2016లో జూన్‌లో మొదలైన రంజాన్ 2026కి ఫిబ్రవరిలోకి వచ్చింది. దాదాపు 33 ఏళ్లకు ఒక చుట్టు పూర్తయితది. అంటే ఒక గాజుల వ్యాపారి తన జీవితంలో ఎండల రంజాన్, వానల రంజాన్, చలి రంజాన్ అన్నీ చూస్తడు. ఆ నెలలో మదీనా నుంచి పత్తర్‌గట్టి మీదుగా చార్మినార్ దాకా తెల్లవార్లూ బజార్ నడుస్తది. బట్టలు, చెప్పులు, అత్తరు, సుర్మా, ఖర్జూరం, గాజులు. చాంద్‌రాత్ నాడైతే కాలు పెట్టనీకి జాగ ఉండదు. రంజాన్ అయినంక షవ్వాల్ నెలలో పెళ్లిళ్లు. మొహర్రం వస్తే పెళ్లిళ్లు ఆగుతయ్, గిరాకీ పడిపోతది.

ఇటు తెలుగోళ్ల పంచాంగం కూడా ఆ బజార్‌ను నడిపిస్తది. మాఘం, వైశాఖం, శ్రావణం పెళ్లి ముహూర్తాలు. ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు కాబట్టి బట్టల షాపులోళ్లు ఆషాఢం సేల్ పెట్టి సరుకు ఖాళీ చేస్తరు. అదే నెలలో లాల్‌దర్వాజ సింహవాహిని బోనాలు. జనవరి ఒకటి నుంచి నాంపల్లిలో నుమాయిష్ ఉంటది. అది 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలై, 1946లో ఇప్పుడున్న మైదానానికి వచ్చింది. ఇట్ల ముస్లింల పండుగ, హిందువుల పెళ్లి, ఊరందరి ఎగ్జిబిషన్, అన్నీ కలిసి ఒక గాజుల అంగడికి ఏడాది పొడుగునా తిండి పెడతయ్.

ఆ బజార్ రూపం కూడా ఒక్కసారిగా వచ్చింది కాదు. చార్మినార్ మీద గడియారాలు 1889లో పెట్టిన్రు. 1908 సెప్టెంబర్‌లో మూసీ వరద వచ్చి వేల మందిని మింగింది. ఆ తర్వాత 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టిన్రు. ఇప్పుడు మనం సెల్ఫీలు దిగే పత్తర్‌గట్టి రాతి కమాన్ల దుకాణాలు ఆ బోర్డు కాలంవే. చరిత్ర పుస్తకాల్లో ఇదంతా ఉంటది. రాజు ఎవరు, ఇంజనీర్ ఎవరు, బోర్డు ఎప్పుడు పెట్టిన్రు, అన్నిటికీ పేర్లున్నయ్, తేదీలున్నయ్. మరి ఆ దుకాణంలో అమ్మే గాజుకు ముడిసరుకు తెచ్చినోడి పేరు?

లక్క అంటే ఏందో తెలియని తమ్ముళ్ల కోసం చెప్తున్న. అది చెట్టు జిగురు కాదు. ఒక చిన్న పురుగు చేసేది. మోదుగు, రేగు, కుసుమ్ లాంటి చెట్ల లేత కొమ్మలకు ఈ పురుగులు వేలాదిగా అంటుకుని, రసం పీల్చుకుంట బతుకుతయ్. తమ చుట్టూ రెసిన్ లాంటి పదార్థం వదిలి గూడు లెక్క కట్టుకుంటయ్. కొమ్మంతా ఎర్రటి పెచ్చు కట్టినట్టయితది. ఆ కొమ్మలు కోసి, పెచ్చు గీకి తీస్తే అది పుల్ల లక్క. దాన్ని దంచి, కడిగి, ఎండబెడితే గింజ లక్క. కరగబెట్టి పలచటి రేకులుగా సాగదీస్తే చపడా. లక్షల కొద్దీ పురుగులు ఉంటయ్ కాబట్టే సంస్కృతంలో లాక్ష అనే పేరొచ్చిందని కొందరంటరు. భారతంలో పాండవులను కాల్చాలని కట్టిన ఇల్లు కూడా లక్క ఇల్లే.

ఈ పని ఊరికే ఏరుకోవడం కాదు, సాగు. పురుగులున్న కొమ్మ ముక్కలను, అంటే విత్తన లక్కను, కొత్త చెట్టు కొమ్మలకు కట్టాలె. పిల్ల పురుగులు పాకి కొత్త కొమ్మకు అంటుకుంటయ్. ఏ కొమ్మ ఎప్పుడు నరికితే లేత చిగురు వస్తదో తెలియాలె. మోదుగు, రేగు మీద వచ్చేది రంగీనీ లక్క. దాని ఒక పంట జూన్-జూలైలో చేతికొస్తది, ఇంకోటి అక్టోబర్-నవంబర్‌లో. కుసుమ్ చెట్టు మీదిది కుసుమీ. దాని పంటలు జనవరి-ఫిబ్రవరిలో, మళ్లా జూన్-జూలైలో. ఎండలు మరీ ముదిరితే పురుగు చస్తది. మొదట చెప్పిన బజార్ సీజన్‌తో ఇది పోల్చి చూడండి. బజార్‌లో పండుగ ఏటా జరుగుతది, అడవిలో పంట మాత్రం సూర్యుడిని పట్టుకునే ఉంటది. రంజాన్ ఫిబ్రవరిలో వచ్చినా, జూన్‌లో వచ్చినా కొమ్మ కోసేది దాని కాలం వచ్చినప్పుడే. ఈ రెండిటి మధ్యల సరుకు దాచిపెట్టగలిగినోడే లాభం తీసుకుంటడు. దాచిపెట్టే స్తోమత వ్యాపారికి ఉంటది. వారం సంతకు ఉప్పు, నూనె కోసం పోయే మనోడికి ఉండదు. పంట చేతికొచ్చిన వారమే అమ్మాలె, అప్పుడే ధర తక్కువుంటది. సీజనల్ బిజినెస్ అనే పెద్ద మాటకు అసలు అర్థం ఇదే.

దేశంలో లక్క ఎక్కువగా వచ్చేది జార్ఖండ్, ఛత్తీస్‌గఢ్ అడవుల నుంచి. ముండా, ఒరాఁవ్, సంతాల్, గోండు కుటుంబాల పని అది. మన తెలంగాణలో మోదుగు చెట్లకు కొదవ లేదు, ఎండాకాలం ముందు ఆదిలాబాద్ అడవి మంట పెట్టినట్టు ఎర్రగ పూస్తది, కానీ లక్క సాగు మాత్రం ఇక్కడ అంత లేదు. అయినా లక్క మనకు కొత్త కాదు. కొడవలికి, కత్తికి పిడి ఊడితే లక్క కరగబోసి బిగించేది మన ముసలోళ్లే. కంసాలోళ్లు బోలు నగల లోపల లక్క నింపుతరు. ఉత్తరాల మీద, ఆఫీసు సంచుల మీద సీలు వేసేదీ లక్కతోనే. అటు అనకాపల్లి జిల్లా ఏటికొప్పాక బొమ్మలు అంకుడు కర్ర మీద లక్క రంగులు ఎక్కించి చేసేవే. ఆ కర్ర కూడా అడవిదే.

ఇప్పుడు కొంచెం సినిమా, పాటల ముచ్చట. లేకపోతే మీరు పోస్ట్ మధ్యల్నే ఆపేస్తరని తెలుసు.

మనం ఇప్పుడు ఫోన్‌లో పాటలు వింటున్నం. మన తాతల కాలంలో గ్రామఫోన్. తిరిగే నల్ల పళ్లెం, మీద సూది, పక్కన పెద్ద గొట్టం. ఆ నల్ల పళ్లెం దేనితో చేసేటోళ్లో తెలుసా? రాతి పొడి లాంటివి కలిపి, వాటన్నిటినీ పట్టి ఉంచేటందుకు లక్క. అవును, అదే లక్క. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ పాటలు రికార్డు చేసి, పళ్లాలు జర్మనీలో అచ్చొత్తించి తెచ్చిన్రు. 1908లో కలకత్తాలోనే ఫ్యాక్టరీ పెట్టిన్రు. అప్పటి నుంచి దాదాపు యాభై ఏళ్లు, ప్రపంచంలో ఏ మూల ఏ పాట మోగినా, హాలీవుడ్ పాటైనా, మన నాటకాల పద్యాలైనా, అది చాలా వరకు భారతదేశపు అడవుల లక్క మీదనే మోగింది. రెండో ప్రపంచ యుద్ధంలో లక్క దిగుమతి కష్టమై, 1942లో అమెరికా ప్రభుత్వం రికార్డులకు లక్క వాడకాన్ని బాగా కుదించింది. కొత్త పాట కావాలంటే పాత రికార్డులు తిరిగి ఇవ్వమని కంపెనీలు జనాన్ని అడిగినయ్. చోటానాగ్‌పూర్ అడవిలో చెట్టెక్కి కొమ్మ కోసిన మనిషికి, న్యూయార్క్‌లో డ్యాన్స్ చేసే కుర్రోడికి మధ్య ఇంత సంబంధం ఉండె. ఆ ఇద్దరికీ అది తెలియదు.

తర్వాత 1950లలో వినైల్ ప్లాస్టిక్ రికార్డులు వచ్చినయ్. లక్క రికార్డు పోయింది. అంతకు ముందే పందొమ్మిదో శతాబ్దం చివర్లో రసాయన రంగులు వచ్చి లక్క ఎరుపు రంగు వ్యాపారాన్ని దెబ్బ తీసినయ్. ఫ్యాషన్ మారితే కంపెనీ ఇంకో సరుకు కొనుక్కుంటది. అడవిలో మనిషికి ఇంకో చెట్టు ఎక్కడిది? 1924లోనే రాంచీ దగ్గర నాంకుంలో లక్క పరిశోధన సంస్థ పెట్టిన్రు. సరుకు విలువ దొరలకు బాగానే తెలుసని అర్థమైతుంది కదా. తెలియనిదల్లా ఆ సరుకు పండించేటోడి విలువ.

అందుకే లాడ్ బజార్ ముఖ్యం. రంగు పోయినా, రికార్డు పోయినా, గాజు మిగిలింది. ఆ బజార్ వెనక సందుల్లోకి పోతే అసలు పని కనిపిస్తది. పొయ్యి మీద లక్క ముద్ద మెత్తబడాలె. దాన్ని రంగుతో కలిపి, పొడుగ్గ సాగదీసి, కోసి, గుండ్రంగ వంచి, సైజు కర్రకు ఎక్కించాలె. వేడి ఆరకముందే ఒక్కొక్క రాయి, ఒక్కొక్క అద్దం ముక్క చేత్తో పొదగాలె. రాళ్లు పొదిగే పని ఇండ్లల్ల ఆడవాళ్లు కూడా చేస్తరు. పొయ్యి దగ్గర వేళ్లు కాల్తయ్, చిన్న రాళ్లు చూసి చూసి కండ్లు మండుతయ్. వాళ్లకు జత మీద కూలి. షోరూంలో లైటు కింద పెట్టిన ధరకు, వాళ్ల చేతికొచ్చే కూలికి సంబంధం ఉండదు. పని చేసేటోడి గతి అడవిలోనూ, సందులోనూ ఒక్కటే. 2015 జనవరిలో ఓల్డ్ సిటీ గాజుల కార్ఖానాల నుంచి పోలీసులు 200 మందికి పైగా పిల్లల్ని విడిపించిన్రు, ఎక్కువ మంది బీహార్ పిల్లలు. ఇది చెప్పకుండా గాజు అందం గురించి చెప్తే అది సగం చరిత్రే అయితది. అట్లని అందరు వ్యాపారులూ అట్లాంటోళ్లే అని కాదు. తరాల నుంచి ఇదే పని మీద బతికే కుటుంబాలున్నయ్. 2020లో రంజాన్ నెల మొత్తం లాక్‌డౌన్‌లో పోయినప్పుడు ఏడాది సంపాదన పోగొట్టుకున్నోళ్లున్నరు.

2024 మార్చిలో హైదరాబాద్ లక్క గాజులకు జీఐ గుర్తింపు వచ్చింది. హలీంకు 2010లోనే వచ్చింది. 2025 మేలో మిస్ వరల్డ్ పోటీలకు వచ్చిన అమ్మాయిలను చార్మినార్, లాడ్ బజార్ తిప్పిన్రు. దేశదేశాల అందగత్తెలు గాజులు వేసుకుని చేతులు ఊపుతుంటే కెమెరాలన్నీ అటే. మన హాస్టల్‌లో కూడా ఆ రీల్స్ ఎన్నిసార్లు చూసిన్రో లెక్క లేదు. నాకు కోపమేం రాలేదు, సంతోషమే అయింది. ఓల్డ్ సిటీ చేతి పనికి పేరు రావాలె, అది వాళ్ల హక్కు. కానీ గాజు పేరులో ఊరి పేరుంది, చేసిన చెయ్యి గురించి కాస్త ఉంది, చెట్టు గురించి ఏమీ లేదు. ఆ చెట్టు ఎక్కిన మనిషి గురించి అసలే లేదు.

ఇది లక్కకే కాదు. ఓల్డ్ సిటీ బజార్ చరిత్రలో మనోళ్లు ప్రతి చోటా ఉన్నరు, పేరు లేకుండా ఉన్నరు. మన బంజారా పూర్వీకులు వేల ఎద్దుల మీద ధాన్యం, ఉప్పు మోసుకుంట దక్కన్ అంతా తిరిగిన్రు. మొఘల్ సైన్యాలకు తిండి గింజలు మోసింది వాళ్లే. వాళ్ల బిడారు వస్తేనే చాలా ఊర్లకు ఉప్పు. 1874లో సికింద్రాబాద్ నుంచి వాడికి రైలు పడ్డది. రైలు, రోడ్డు పెరిగే కొద్దీ ఎద్దుల వ్యాపారం చచ్చిపోయింది. పైగా 1871లో బ్రిటిషోళ్లు నేరస్త తెగల చట్టం తెచ్చి, సరుకు మోసిన చేతులకే దొంగ ముద్ర వేసిన్రు. ఇప్పుడు అదే బజార్‌లో, నుమాయిష్‌లో అద్దాల బ్యాగులకు, నల్లబడ్డ వెండి లెక్క ఉండే నగలకు "బంజారా స్టైల్" అని బోర్డు పెట్టి అమ్ముతరు. మెషిన్ మీద కుట్టినదానికి కూడా అదే పేరు. తండాలో అమ్మ వేసుకుంటే బస్సులో వింతగ చూస్తరు, కాలేజీ ఫెస్ట్‌లో మోడల్ వేసుకుంటే ట్రెండ్.

గోండు, కొలాం తమ్ముళ్లకు కొమురం భీం సంగతి నేను చెప్పాల్సిన పని లేదు. 1940లో జోడేఘాట్‌లో భీం పడిపోయిండు. ఆయన అడిగింది జల్, జంగిల్, జమీన్. ఆ తర్వాత హైమన్‌డార్ఫ్ రిపోర్టులు, 1946లో నిజాం ప్రభుత్వం తెచ్చిన గిరిజన ప్రాంతాల రెగ్యులేషన్, అవన్నీ ఆ రక్తం మీద నుంచి వచ్చినవే. 2022లో ఆర్ఆర్ఆర్ వచ్చినప్పుడు థియేటర్లో మనం ఈలలు వేసినం, అది వేరే కథ, కల్పిత కథ అని తెలిసి కూడా వేసినం. ఎందుకంటే పెద్ద తెర మీద మన పేరు వినబడ్డది. పాప్ కల్చర్‌కు ఆ బలం ఉంది, కాదనను. కానీ థియేటర్లో వేసిన ఈలకు సంతలో కిలో ధర పెరగదు కదా.

జంగిల్ అని భీం అన్న మాట ఇప్పుడు చట్టంలో ఉంది. 1996 పెసా చట్టం చిన్నతరహా అటవీ ఉత్పత్తుల మీద గ్రామసభకు యాజమాన్యం ఉండాలంది. 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 2(ఐ)లో ఆ ఉత్పత్తులు ఏవో లిస్టు ఉంది. వెదురు, తేనె, మైనం, తునికాకుతో పాటు లక్క పేరు కూడా రాసి ఉంది. సెక్షన్ 3(1)(సి) సేకరించి, వాడుకుని, అమ్ముకునే హక్కు మనది అంటది. 1956లో విశాఖపట్నం కేంద్రంగా గిరిజన సహకార సంస్థ పెట్టింది కూడా సావుకారి దోపిడీ ఆపాలనే. 2013-14లో అటవీ ఉత్పత్తులకు కనీస మద్దతు ధర స్కీం మొదలైంది. 2020లో రంగీనీ లక్కకు కిలోకు 200 రూపాయలు, కుసుమీకి 275 అని ప్రకటించిన్రు. కాగితం మీద ఇవన్నీ ఉన్నయ్. ధర ప్రకటించడం ఒకటి, సంత రోజు కాంటా పెట్టి కొనే మనిషి ఉండటం ఇంకొకటి. ఈ రెండో దాని కోసం కొట్లాడాల్సింది మనమే. చదువుకున్నం కాబట్టి.

ఇక పని మాట. ఒకటి, పండుగకు ఊరికి పోయినప్పుడు మీ ముసలోళ్లను అడగండి. లక్క, తేనె, ఇప్పపువ్వు, చీపురు పుల్ల, జిగురు, ఏది ఎప్పుడు తెస్తరు, సంతలో ఎవరు కొంటరు, కిలోకు ఎంతిస్తరు. రాసుకోండి, ఫోన్‌లో రికార్డు చేయండి. అదే రేపటి చరిత్ర. రెండు, కామర్స్, అగ్రికల్చర్ చదివే తమ్ముళ్లు మోదుగు చెట్లున్న మన ఊర్లల్ల లక్క సాగు అయితదా కాదా అని సీరియస్‌గ చూడండి. మూడు, మీ గ్రామసభ అటవీ హక్కుల కమిటీ పని చేస్తుందో లేదో కనుక్కోండి.

గాజులు కొనుక్కోండి చెల్లెళ్లూ, బేరం కూడా ఆడుకోండి, నేను వద్దనను. ప్లాస్టిక్ కాకుండా లక్కదే కొంటే ఇంకా మంచిది, ఆ పైసల్లో ఎంతో కొంత అడవి దాకా పోతది. అంగడాయన "ఓల్డ్ సిటీ స్పెషల్" అంటే తల ఊపండి, అది నిజమే. దాంతో పాటు ఇంకో మాట కలపండి: "హా భాయ్, ఔర్ జంగల్ కా భీ."

ఆ చెల్లె నిన్న హాస్టల్ మెట్ల మీద కూర్చుని మళ్లా ఆ గాజులు చూసుకుంటుంది. "అన్నా, ఇది తీసినోళ్లు గాజులు వేసుకుంటరా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేకుండె. అందుకే ఇక్కడ రాసిన. మీ ఊర్లల్ల ఎవరికన్నా తెలిస్తే చెప్పండి.

జోహార్.